పిల్లల పళ్ల బీమా: అమెరికా ప్రభుత్వ డేటా ఎంతవరకు పనికొస్తుంది?

పిల్లల డెంటల్ ఇన్సూరెన్స్ పథకాలు పళ్లను నిజంగా కాపాడుతున్నాయా అని లెక్క తీయాలంటే అమెరికాలో ఉచితంగా దొరికే ఫైళ్లు చాలానే ఉన్నాయి. చిక్కల్లా ఏ ఫైలూ మొత్తం కథ చెప్పకపోవడమే.

ముందు సీఎంఎస్-416. మెడిక్‌ఎయిడ్ (తక్కువ ఆదాయం ఉన్నవాళ్లకు ప్రభుత్వం ఇచ్చే ఆరోగ్య బీమా) పిల్లలకు అందిన సేవల మీద రాష్ట్రాలు ఏటా కేంద్రానికి పంపే నివేదిక ఇది. ఇందులో 12ఏ వరుస ఏదో ఒక దంత సేవ పొందినవాళ్లు, 12బీ పళ్లు పాడవకుండా ముందుజాగ్రత్త సేవలు, 12సీ చికిత్స, 12డీ శాశ్వత దవడ పళ్లకు సీలెంట్ (పుచ్చకుండా వేసే పూత). రాష్ట్రాలవారీగా, వయసులవారీగా విడగొట్టి ఇస్తారు కాబట్టి పథకం పనితీరు చూడటానికి మొదట తెరవాల్సింది దీన్నే. అయితే 12బీ, 12సీలను కూడి 12ఏ వస్తుందని అనుకోకండి. ఒకే బిడ్డ రెండింటిలోనూ ఉండొచ్చు. శాతం తీసేటప్పుడు కింద వేయాల్సింది మొత్తం నమోదైన పిల్లల్ని కాదు, 90 రోజులు వరుసగా అర్హతలో ఉన్నవాళ్ల 1బీ వరుసని. ఇక్కడ తప్పితే శాతం ఉన్నదానికంటే తక్కువ కనిపిస్తుంది. ఏడాది కూడా జనవరిలో కాదు, అక్టోబరులో మొదలవుతుంది.

ప్రైవేటు ప్లాన్లకు హెల్త్‌కేర్ డాట్ గవ్ (జనం సొంతంగా బీమా కొనుక్కునే ప్రభుత్వ వెబ్‌సైటు, అంటే మార్కెట్‌ప్లేస్) వాళ్ల పబ్లిక్ యూజ్ ఫైళ్లున్నాయి, 2014 నుంచి. ప్లాన్ల వివరాలకు ఇంత విడమరిచిన డేటా ఉచితంగా దొరకడం అరుదు. పిల్లల చెకప్, బేసిక్ చికిత్స, మేజర్ చికిత్స, ఆర్థోడాంటియా (వంకర పళ్లు సరిచేయడం) దేనికదే వరుస. రేట్ల ఫైలులో ప్లాన్ నంబరు 14 అక్షరాలు. ప్రయోజనాల ఫైలులో అదే నంబరుకు చివర -00, -01 తోక ఉంటుంది. నేరుగా కలిపితే ఒక్క వరుసా జత పడదు. తోక కోసేసి ఊరుకుంటే ఒకే ప్లాన్ రెండుసార్లు లెక్కలోకి వస్తుంది. -01 (మార్కెట్‌ప్లేస్‌లో అమ్మేది) ఉన్నవే ఉంచుకుని, ఆ తర్వాత 14 అక్షరాలతో కలపండి. డెంటల్ ప్లాన్లను మాత్రమే వడకట్టినా పొరపాటే, మెడికల్ ప్లాన్‌లోనే పిల్లల పళ్ల కవరేజీ కలిసి వచ్చేవి జారిపోతాయి. 2024కు ముందు ఏళ్ల డెంటల్ ప్లాన్లయితే ప్రీమియం ఖాయమైన రేటా, అంచనా రేటా అని చెప్పే కాలమ్ తప్పక చూడండి. అంచనా రేటు చేరేటప్పుడు మారే వీలుండేది.

సొంత మార్కెట్‌ప్లేస్ నడుపుకునే రాష్ట్రాలు ఈ ఫైళ్లలో ఉండవు, వాటివి వేరుగా వెతుక్కోవాలి. డాలస్‌లో ప్లాన్ వెతికే తెలుగు కుటుంబానికి ఇవి పనికొస్తాయి, న్యూజెర్సీలో ఉన్నవాళ్లకు రావు. కంపెనీ ద్వారా బీమా ఉన్నవాళ్ల ప్లాన్లు రెండుచోట్లా కనిపించవు. మనవాళ్లలో హెచ్-1బీ మీద ఉన్నవాళ్లకు ఎక్కువగా ఉండేది ఆ బీమానే, కాబట్టి ఇది చిన్న లోటు కాదు.

సర్వేల్లో మెప్స్ (కుటుంబాల వైద్య ఖర్చుల మీద ప్రభుత్వం చేసే సర్వే) మేలు. పంటి డాక్టరు దగ్గరికి వెళ్లిన ప్రతిసారీ ఎంత ఖర్చయింది, అందులో బీమా ఎంత కట్టింది, ఇంట్లోవాళ్లు ఎంత పెట్టుకున్నారు అన్నది 1996 నుంచి ఉంది. అందరికీ ఇచ్చే ఫైలులో రాష్ట్రం పేరు ఉండదు, అందువల్ల రాష్ట్ర విధానాలను పోల్చలేం. నేషనల్ సర్వే ఆఫ్ చిల్డ్రన్స్ హెల్త్‌లో రాష్ట్రం ఉంటుంది. కానీ పుచ్చు ఉందా లేదా అన్నది తల్లిదండ్రులు చెప్పే మాటే, పైగా 2016లో పద్ధతి మారింది కనుక అంతకుముందు ఏళ్లతో గీత కలపకూడదు. ఈ సర్వేల్లో నోరు తెరిపించి పన్ను పన్నూ చూసిన డేటా ఉన్నది ఎన్‌హేన్స్‌లోనే (జనానికి వైద్య పరీక్షలు చేసే ప్రభుత్వ సర్వే), అది దేశం మొత్తానికి.

ఇక మెడిక్‌ఎయిడ్ క్లెయిమ్‌లు, అంటే చేసిన చికిత్సకు డాక్టర్లు పంపే బిల్లులు. ఒప్పందం రాసి, రుసుము కట్టి తెచ్చుకున్నా వాటిలో ఏం చేశారో ఉంటుంది, ఎందుకు చేశారో చాలావరకు ఉండదు. డి1351 అనే చికిత్స కోడ్ కనిపిస్తే సీలెంట్ వేశారని తెలుస్తుంది. ఆ బిడ్డకు ఇంకెన్ని పళ్లు పుచ్చి ఉన్నాయో తెలియదు. డెంటల్ క్లెయిమ్‌లో రోగనిర్ధారణ కోడ్‌ను తప్పనిసరి చేయాలని గట్టిగా అడగాల్సింది ఇందుకే. అప్పటిదాకా సేవ అందిందా అన్న ప్రశ్నకు సీఎంఎస్-416నీ, కవరేజీ ఎంత అన్నదానికి మార్కెట్‌ప్లేస్ ఫైళ్లనీ, జేబు ఖర్చుకు మెప్స్‌నీ విడివిడిగా వాడుకోండి.