కావలిలో గేమింగ్ పీసీ: మూడేళ్లు వాడాక

మా ఇల్లు కావలిలో తుమ్మలపెంట రోడ్డు పక్కన. సాయంత్రమైతే సముద్రపు గాలి మేడ మీది గదిలోకి నేరుగా కొడుతుంది. ముందే ఈ సంగతి ఎందుకంటే, 2022 డిసెంబరులో నేను పీసీ అసెంబుల్ చేసుకునే ముందు చూసిన వీడియోల్లో ఒక్కరూ దీని ఊసెత్తలేదు. ఎఫ్‌పీఎస్ (సెకనుకి తెర మీద వచ్చే బొమ్మల లెక్క) ఎంతొస్తుందో చెప్పారు. రోహిణి కార్తె ఎండలో, ఎగిరిపడే వోల్టేజీలో, ఉప్పుగాలిలో ఏ పార్టు నిలబడుతుందో చెప్పలేదు. అది వాడితేనే తెలుస్తుంది.

పినాకిని రైల్లో చెన్నై వెళ్లి కంప్యూటర్ పార్టులు అమ్మే రిచీ స్ట్రీట్‌లో కొన్ని కొన్నాను, మిగతావి ఆన్‌లైన్‌లో. రైజెన్ 5 5600 ప్రాసెసర్ 13,500, బీ550 మదర్‌బోర్డు 10,500, ఆర్‌ఎక్స్ 6600 గ్రాఫిక్స్ కార్డు 23,500, 16 జీబీ ర్యామ్ 4,500, 1 టీబీ ఎన్‌వీఎంఈ డిస్కు 6,000, ముందు జాలీ ఉన్న క్యాబినెట్ 4,000, 144 హెర్ట్జ్ మానిటర్ 12,500. చివర్లో డబ్బులు అయిపోవొచ్చాయి. పార్టులన్నిటికీ కరెంటు ఇచ్చే ఎస్ఎంపీఎస్‌కి 1,800 పెట్టాను. మొత్తం 76,300.

కార్డు గురించి నాకు ఒక్క ఫిర్యాదూ లేదు. 1080పీ రిజల్యూషన్‌లో వాలరెంట్ ఆట 200 ఎఫ్‌పీఎస్ దాటి పరిగెడుతుంది, సైబర్‌పంక్ హై సెట్టింగుల్లో 60 దగ్గర నిలుస్తుంది. పాత బీ450 బోర్డు తీసుకుని మూడు వేలు మిగుల్చుకోమన్నారు కొందరు. బోర్డుకీ కార్డుకీ మధ్య డేటా నడిచే దారుల్లో (లేన్లు) ఈ కార్డు వాడేది 8 మాత్రమే, కాబట్టి ఒక్కో దారి వేగం రెట్టింపుండే పీసీఐఈ 4.0 ఉన్న బీ550 మీద పెట్టడమే సరైందని అప్పుడూ అనుకున్నాను, ఇప్పుడూ అంటాను. ర్యామ్ మాత్రం నాలుగు నెలలు 2400 వేగంలోనే నడిచింది. బయోస్‌లో ఎక్స్‌ఎంపీ (ర్యామ్‌ని దాని పూర్తి వేగంతో నడిపే సెట్టింగు) మనమే ఆన్ చేయాలని తెలియలేదు. ఆన్ చేశాక 3200కి వచ్చింది, ఆటల్లో మధ్యమధ్య తగిలే కుదుపు పోయింది.

ఇక ఎస్ఎంపీఎస్. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది. ఆ రెండు మూడు రోజులూ మాకు కరెంటు పోతూ వస్తూ ఉంది. ప్లగ్ పీకలేదు, తప్పు నాదే. ఒకసారి కరెంటు వచ్చీ రావడంతోనే టప్‌మని శబ్దం, వెంటనే కాలిన వాసన. పీసీ మళ్లీ లేవలేదు.

తర్వాత ఆ డబ్బా విప్పి చేతిలో పట్టుకుని స్టిక్కరు చదివాను. పైన పెద్ద అక్షరాల్లో 650 వాట్లు. కింద చిన్న గళ్లలో, 12 వోల్టుల దగ్గర, 18 ఆంపియర్లు. పన్నెండు పద్దెనిమిదులు 216 వాట్లు. ప్రాసెసర్, కార్డు నడిచేది ఈ 12 వోల్టుల మీదే. ప్రాసెసర్ 76 వాట్ల దాకా లాగుతుంది, కార్డు 132. ఈ రెండే 208. ఫ్యాన్లు, బోర్డు, డిస్కు ఇంకా లెక్కలోకి రాలేదు. ఏడాది పాటు ఆ డబ్బా ఊపిరి బిగబట్టి నడిచిందన్నమాట. ఇప్పుడు వాడుతున్న 80 ప్లస్ బ్రాంజ్ (కరెంటు వృథా తక్కువని చెప్పే ముద్ర) 650 వాట్ల దాంట్లో అదే గడిలో 54 ఆంపియర్లు ఉంది. దీనికి 5,200 అయింది. దయచేసి పెద్ద అక్షరాలు చూడకండి, ఆ గడి చూడండి.

కార్డు బతికిందో లేదో తేలడానికి వారం పట్టింది. 5600లో సొంత గ్రాఫిక్స్ ఉండవు కనుక కార్డు లేకుండా తెర మీద బొమ్మే రాదు. నెల్లూరులో ఫ్రెండ్ ఇంటికి మోసుకెళ్లి పెట్టి చూస్తే నడిచింది. బోర్డు కూడా బతికింది. పాత హార్డ్ డిస్కు పోయింది. అందులో మా అక్క పెళ్లి ఫొటోలున్నాయి. ఇంకో కాపీ లేదు. మూడు వేల చిల్లర మిగుల్చుకోబోయి పోగొట్టుకున్నది అది.

కొత్త ఎస్ఎంపీఎస్ బిగించాక కూడా క్యాబినెట్ స్క్రూ ముట్టుకుంటే జిల్లుమనేది. ఎలక్ట్రీషియన్ని పిలిస్తే మీటరు పెట్టి చూశాడు. న్యూట్రల్‌కీ ఎర్త్‌కీ మధ్య 38 వోల్టులు. “ఎర్త్ గుంతలో నీళ్లు పోసి ఎన్నాళ్లయిందబ్బయా?” అన్నాడు. ఆ గుంత ఎక్కడుందో కూడా నాకు తెలియదు. నాయన చూపించాడు. తవ్వించి, బొగ్గూ ఉప్పూ వేయించి, వైరు మార్పిస్తే 2 వోల్టులకు దిగింది. అయిన ఖర్చు 2,500. పీసీ మీద నేను పెట్టిన డబ్బుల్లో అత్యంత విలువైంది ఇదే.

యూపీఎస్ కూడా ముందు 600 వీఏది కొన్నాను. అది ఇచ్చేది 360 వాట్లే. ఆట మధ్యలో కరెంటు పోతే మానిటర్‌తో సహా మోయలేక కీచుమని ఆగిపోయేది. 1000 వీఏకి మారాక ఆ బాధ లేదు.

ఎండాకాలం ప్రాసెసర్‌తో వచ్చిన కూలర్ చాలదు. మే నెలలో మధ్యాహ్నం ఆడితే 88 డిగ్రీలు చూపించేది, ఫ్యాన్ రొదకి కింద నాయనమ్మకి నిద్ర పట్టేది కాదు. 1,700 పెట్టి టవర్ కూలర్ వేస్తే అదే ఎండకి 72. మన వైపు అద్దం ముఖం ఉన్న క్యాబినెట్ వద్దే వద్దు. జాలీదే కొనండి. కాకపోతే దుమ్ముతో పాటు ఉప్పూ లోపలికొస్తుంది. పదిహేను రోజులకోసారి ఫిల్టర్ కడుగుతున్నా వెనక స్క్రూలు తుప్పు పట్టాయి. పోయిన వానాకాలం ఓ ఉదయం పీసీ ఆన్ అవలేదు, బోర్డు మీద ర్యామ్ లైటు వెలుగుతూ ఉంది. ర్యామ్ పీకి చూస్తే బంగారు రంగు పళ్లు మసకబారి ఉన్నాయి. పెన్సిల్ రబ్బరుతో మెల్లగా రుద్ది, ఆ పొడి ఊది పెడితే లేచింది. అప్పట్నుంచి ఆర్నెల్లకోసారి రుద్దుతున్నాను.

ఇంకో 16 జీబీ వేద్దామని వాయిదా వేస్తూ వచ్చాను. 2025 చివరికి ర్యామ్ ధరలు ఎక్కడికో వెళ్లిపోయాయి, ఇక ఉన్నదానితోనే. కార్డులో 8 జీబీ మెమరీ కూడా కొత్త ఆటలకి చాలడం లేదు, టెక్స్చర్లు ఒక మెట్టు తగ్గించి ఆడుతున్నాను. ఇప్పుడే మార్చను. మార్చినా ఈ ఎస్ఎంపీఎస్ మీదే ఇంకాస్త పెద్ద కార్డు పడుతుంది.