మూడేళ్ళుగా వాడుతున్న కరెంటు చెయిన్ సా: బిగింపులోనే ఉంది భద్రత

హైదరాబాద్ సైనిక్‌పురిలోని మా ఇంటి ఆవరణలో రెండు వేపచెట్లు, ఒక మామిడి, ప్రహరీని ఆనుకొని ఒక తురాయి ఉన్నాయి. మే నెల ఈదురుగాలులకు ఏటా ఏదో ఒక పెద్దకొమ్మ విరిగి పడుతుంది. కొన్నేళ్ళుగా నగరంలోని వేపలకు సోకుతున్న ఎండుతెగులు వల్ల ఆ పని ఇంకా పెరిగింది. పడిన కొమ్మలను ముక్కలు చేసుకోవడానికి మూడేళ్ళ క్రితం 1,800 వాట్ల మోటారు, 16 అంగుళాల బార్ (చెయిన్ తన చుట్టూ తిరిగే పొడవాటి లోహపు పట్టీ) ఉన్న కరెంటు చెయిన్ సా, అంటే గొలుసు రంపం, కొన్నాను. నిలబడి ఉన్న చెట్టును కొట్టాలంటే 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం ప్రకారం అనుమతి కావాలి కాబట్టి దీన్ని ఆ పనికి ఎన్నడూ వాడలేదు. మోటారు మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు. ఈ మూడేళ్ళలో ఎదురైన ఇబ్బందుల్లో ఎక్కువ బార్, చెయిన్ బిగింపు దగ్గరే మొదలయ్యాయి కనుక ఈ సమీక్షలో ఎక్కువ భాగం దానికే కేటాయిస్తున్నాను.

పెట్టెలో మోటారు భాగం, బార్, చెయిన్ విడివిడిగా వస్తాయి. మాన్యువల్‌లోని బొమ్మలు తపాలా బిళ్ళంత ఉండటంతో చెయిన్ ఏ దిశలో ఎక్కించాలో వాటిని చూసి తెలుసుకోవడం కష్టం. గుర్తు ఒక్కటే: బార్ పై అంచు మీద ఉన్న కోత పళ్ళ పదునైన వైపు ముక్కు (బార్ చివరి కొస) దిక్కుకు, అంటే మన నుంచి దూరంగా, చూస్తూ ఉండాలి. ప్లగ్గు గోడ నుంచి పూర్తిగా తీసి, చేతులకు మందపాటి గ్లౌజులు వేసుకుని, ముందున్న బ్రేకు గార్డును (ముందుకు తోస్తే చెయిన్‌ను ఆపే అడ్డును) వెనక్కి లాగి బ్రేకు వదిలించిన తర్వాతే పని మొదలుపెట్టాలి; బ్రేకు పడి ఉంటే చెయిన్ కదలదు, మనం బిగువు తప్పుగా అంచనా వేస్తాం. చెయిన్‌ను ముందు బార్ ముక్కు చుట్టూ గాడిలో కూర్చోబెట్టి, మిగిలిన వంపును స్ప్రాకెట్ (చెయిన్‌ను తిప్పే పళ్ళచక్రం) పళ్ళకు తగిలించి, అప్పుడు బార్‌ను బోల్టు మీద పెట్టాలి. ఇక్కడే అసలు మెలకువ ఉంది. బిగువు సరిచేసే స్క్రూకు ఉన్న చిన్న పిన్ను బార్‌లోని రంధ్రంలో కచ్చితంగా దిగాలి. అది దిగకుండానే మూత పెట్టి నట్టు తిప్పితే, బయటికి అంతా బిగిసినట్టే కనిపిస్తుంది కానీ లోపల పిన్ను వంగిపోతుంది.

నేను మొదటి వారంలో చేసిన తప్పు వేరు. మూత నట్టును పూర్తిగా బిగించి, ఆ తర్వాత బిగువు సరిచేశాను. నట్టు వేలితో బిగించినంతే ఉండగా, బార్ ముక్కును ఒక చేత్తో పైకి ఎత్తి పట్టుకుని బిగువు సరిచేసి, ముక్కును అలాగే ఎత్తి ఉంచి నట్టును గట్టిగా బిగించాలని నాకప్పుడు తెలియదు. ముక్కు ఎత్తకపోతే బార్ తన బోల్టు దగ్గరున్న ఆ కొద్దిపాటి సందులో కిందికి వాలి ఉంటుంది. కోత మొదలవగానే దుంగ దాన్ని పైకి నెడుతుంది, చెయిన్ వదులవుతుంది. పది నిమిషాలు తిరగకముందే మామిడి దుంగలో చెయిన్ గాడి తప్పింది. అది మూతలోపలే చుట్టుకుని ఆగడం వల్ల నాకేమీ కాలేదు. విప్పి చూస్తే స్ప్రాకెట్‌కు రాసుకున్న ఏడెనిమిది డ్రైవ్ లింకుల (బార్ గాడిలో దిగి నడిచే చెయిన్ ముక్కల) అంచులు ముళ్ళలా లేచి ఉన్నాయి. వాటిని సన్నని ఆకురాయితో రాపాడించి నునుపు చేసే వరకు చెయిన్ మళ్ళీ గాడిలోకి దిగనేలేదు.

ఆ చెయిన్‌ను రాణిగంజ్‌లో రంపాలు బాగుచేసే ఒక పెద్దాయనకు చూపిస్తే, ఆయన బిగువు కొలత తన చేత్తోనే చూపించారు. బార్ అడుగు అంచుకు చెయిన్ ఆనుకుని ఉండాలి, వేలాడకూడదు. నడిమధ్యలో రెండు వేళ్ళతో లాగితే కొద్దిగా వచ్చి, వదలగానే టక్కున వెనక్కి పోవాలి. లాగినప్పుడు డ్రైవ్ లింకు గాడి నుంచి పూర్తిగా బయటపడకూడదు. గ్లౌజు చేత్తో తోస్తే బార్ చుట్టూ సాఫీగా జరగాలి. “వేడి మీద బిగియ్యొద్దు సార్, సల్లారినంక చూడాలె” అన్నారాయన. వేడికి సాగిన చెయిన్‌ను బిగించి వదిలేస్తే, చల్లారి కుంచించుకున్నప్పుడు బార్‌నూ స్ప్రాకెట్ ఇరుసునూ బలంగా గుంజుతుంది. కొత్త చెయిన్ మొదటి అరగంటలో బాగా సాగుతుంది కాబట్టి నేను నాలుగైదు కోతలకొకసారి ఆపి, ప్లగ్గు తీసి, చల్లారనిచ్చి చూస్తాను.

నూనె విషయంలో ఉపేక్ష పనికిరాదు. కరెంటు రంపమైనా చెయిన్‌కు బార్ ఆయిల్ కావలసిందే. వాడేసిన ఇంజిన్ ఆయిల్ పోయకండి, అందులోని నలక గాడిని అరగదీస్తుంది. నూనె పారుతోందో లేదో తెలియాలంటే, తెల్ల అట్టముక్కకు జానెడు ఎత్తున ముక్కు ఉంచి కొద్దిసేపు నడిపితే, అట్ట మీద సన్నని నూనె చార పడాలి. పడకపోతే రంపపు పొట్టు నూనెతో కలిసి ముద్దై నూనె వచ్చే రంధ్రానికి అడ్డుపడిందన్నమాట. ఆ ముద్దను నేను వేపపుల్లతో తీస్తాను. ఇనుప మేకు పెడితే గాడి అంచు చెదురుతుంది. ఒక లోపం చెప్పాలి: పక్కన పెట్టినప్పుడు ఈ రంపం నూనె కారుస్తుంది, కింద పాత గుడ్డ తప్పనిసరి.

ఈ మోటారు 230 వోల్టుల మీద దాదాపు 8 ఆంపియర్లు లాగుతుంది. ఇంట్లో ఫ్యానుకు వాడే సన్నని ఎక్స్‌టెన్షన్ బోర్డుతో మొదట నడిపితే, సగం చుట్టి వదిలేసిన తీగ చేయి పెట్టలేనంత వేడెక్కింది. ఇప్పుడు 2.5 చదరపు మిల్లీమీటర్ల తీగను పూర్తిగా విప్పి, 16 ఆంపియర్ల సాకెట్ నుంచి, 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపే స్విచ్చు) ఉన్న లైను మీదే వాడుతున్నాను. వాన పడిన నేల మీద అస్సలు వాడను.

పదును పెట్టడానికి 4 మిల్లీమీటర్ల గుండ్రని ఆకురాయి, 30 డిగ్రీల కోణం నా చెయిన్‌కు సరిపోతాయి. పొట్టు పొరలుగా రాకుండా పిండిలా రాలుతుంటే పదును పోయినట్టే, అప్పుడు రంపాన్ని ఒత్తి కోయడం ప్రమాదం. పదును పెట్టిన ప్రతిసారీ బార్‌ను తలకిందులు చేసి బిగిస్తాను, రెండంచులూ సమంగా అరుగుతాయి. బార్ ముక్కు పై సగం దేనికైనా తగిలితే రంపం ఒక్కసారిగా మన వైపు ఎగురుతుంది. కింద దాగిన కొమ్మకు తగిలి నాకూ ఒకసారి అలా జరిగింది, గార్డు నా మణికట్టుకు తగిలి బ్రేకు పడింది. అప్పటి నుంచి మోటారు నడిపించి గార్డును ముందుకు తోసి బ్రేకు పడుతోందో లేదో చూడకుండా మొదటి కోత పెట్టలేదు. భుజం ఎత్తు దాటి కోయను, నిచ్చెన మీదికి దీన్ని తీసుకెళ్ళను.

బిగువు తిప్పే ప్లాస్టిక్ నాబ్ రెండో ఏడాదికే చీలింది. విడిభాగం కోసం ఆరు వారాలు ఆగవలసి వచ్చింది. ఇప్పుడు మూడో చెయిన్ నడుస్తోంది, బార్ మాత్రం కొన్నప్పటిదే.