ముందు గొట్టం స్నార్కెల్: ఎనిమిది నెలలు వాడాక

స్నార్కెల్ అంటే ముఖం నీళ్లలో ఉంచే ఊపిరి తీసుకోవడానికి నోట్లో పెట్టుకునే గొట్టం. సముద్రంలో చేపల్ని చూసేవాళ్లు చెవి పక్కన పెట్టుకునే రకం కాదిది. నుదుటికి పట్టీతో బిగించుకుంటే ముఖం మధ్యనుంచి తలమీదుగా పైకి లేస్తుంది. ఫ్రీస్టైల్ (బోర్లా ఉండి చేతులు ఒకదాని తర్వాత ఒకటి వేస్తూ ఈదడం) సాధన కోసమే చేసిన రకం.

నాకు 54 ఏళ్లు. చిన్నప్పుడు ఎలా వచ్చిందో అలాగే ఈదుతూ వచ్చాను. 25 మీటర్లకు 27 బారలు (చేతి వేటులు) పడేవి, అవతలి గోడ అందేసరికి ఆయాసం, పైగా కుడి భుజం నొప్పి. వయసు మీద పడుతోందనుకున్నాను. కోచ్ మాత్రం మొదటి రోజే, "మేడమ్, ఊపిరి కోసం మీరు తల ఎత్తేస్తున్నారు. ఎత్తినప్పుడల్లా నడుము మునిగిపోతోంది" అన్నాడు. నీరు గాలికన్నా సుమారు 800 రెట్లు సాంద్రమైంది. మునిగిన నడుమును అందులో ఈడ్చుకుపోతుంటే ఆయాసం రాదా మరి!

ఈ గొట్టంతో తల తిప్పే పనే లేదు. చూపు కొలను అడుగున గీత మీదే. అలా మొదటిసారి నా చేతుల్ని నేను చూసుకున్నాను. కుడి చెయ్యి బొటనవేలు ముందుగా నీళ్లలో దిగి, తల ముందునుంచి ఎడమవైపుకి దాటిపోతోంది! భుజం నలిగేది అక్కడే. ఇన్నేళ్లూ ఒక్కరూ చెప్పలేదు, నాకూ కనబడలేదు. ఇప్పుడు చెయ్యి భుజానికి సూటిగా, వేళ్లకొసలు ముందుగా దించుతున్నాను. నీటిని వెనక్కి నెట్టేటప్పుడు మోచేయి కిందికి జారకుండా చూసుకుంటున్నాను. మూడు నెలలకు 22 బారలకు వచ్చాను. ఫిజియో చెప్పిన వ్యాయామాలూ తోడై భుజం నొప్పి బాగా తగ్గింది.

ఇబ్బందులూ ఉన్నాయి. మొదటి వారం ముక్కులోకి నీళ్లు పోయి ఉక్కిరిబిక్కిరయ్యాను. రెండు వారాలు నోస్ క్లిప్ పెట్టుకుని, తర్వాత ముక్కుతో మెల్లగా గాలి వదలడం నేర్చుకున్నాను. సిలికాన్ టోపీ మీద పట్టీ జారుతుంది. వదిలిన గాలి కొంత గొట్టంలోనే మిగిలి మళ్లీ లోపలికి వస్తుంది కాబట్టి వేగంగా ఈదితే ఊపిరి త్వరగా అందకుండా పోతుంది. నెమ్మది సాధనకే బాగుంటుంది.

ఒక్క మాట గట్టిగా చెప్పాలి: ఇది ఊపిరి తీయడం నేర్పదు. నెలపాటు దీంతోనే ఈది తీసేస్తే, తల మళ్లీ పాత పద్ధతిలోనే పైకి లేచింది. ఎంత బాధేసిందో! మెడ బిగుసుకున్న మన వయసువాళ్లకి ఈ సుఖానికి అలవాటుపడటం మరీ తేలిక. అందుకే ఇప్పుడు 100 మీటర్లు దీంతో, వెంటనే 100 మీటర్లు లేకుండా. లేనప్పుడు ఊపిరికి తిరిగితే ఒక కన్ను నీళ్లలోనే ఉండాలి.

కొనేవాళ్లు నోట్లో పెట్టుకునే భాగం మెత్తగా ఉందో లేదో చూడండి. గట్టిదైతే పళ్లతో బిగించి పట్టుకుంటాం, అరగంటకే దవడ లాగేస్తుంది.