పెళ్లి సామగ్రి పెట్టె: కాడి బాగుంది, పేలాలు లేవు

ముందే చెప్పేస్తాను, ఐదుకి మూడు. ఆ మూడు చుక్కలూ పెట్టె సర్దినవాళ్లకి. అందులోకి సరుకు కొన్నవాళ్లకి ఒక్కటి కూడా ఇవ్వను. ఆ ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నట్టు లేరు.

6,500 రూపాయలు పెట్టి కొన్న ‘సంపూర్ణ వివాహ సామగ్రి’ పెట్టె ఇది. షాపు పేరు రాయడం లేదు. ఇలాంటి పెట్టెలు ఇప్పుడు మా గోదావరి జిల్లాల్లో చాలాచోట్ల అమ్ముతున్నారు, లోపలి సరుకు చూస్తే అందరిదీ ఒకటే గోడౌనేమో అనిపిస్తుంది.

పెళ్లి మా అక్క కూతురిది, కాకినాడలో. మేనమామని కాబట్టి పిల్లని బుట్టలో మండపానికి తీసుకురావడం ఎలాగూ నా పనే, సామగ్రి కూడా నా నెత్తినే పడింది. ముహూర్తమేమో తెల్లవారుజామున. ఆ వేళప్పుడు ఏ వస్తువు మర్చిపోయినా తెరిచిన కొట్టు ఉండదు. ఆ టెన్షన్ పడలేక పెట్టె కొన్నాను.

సర్దడం గురించి చెప్తాను. మామూలుగా పంతులుగారు రాసిచ్చే లిస్టు అంగడి వరసలో ఉంటుంది: పసుపు పావుకిలో, కుంకుమ, వక్కలు, ఖర్జూరాలు, కర్పూరం, ఆవునెయ్యి, దర్భలు, సమిధలు. మనం అన్నీ ఒకే సంచిలో పోసి తీసుకెళ్తాం. తీరా పీటల మీద కూర్చున్నాక ‘కర్పూరం ఏదండీ’ అని పంతులుగారు, ‘ఇందాక ఇక్కడే ఉంది కదే’ అని ఆడవాళ్లు, ఆ వెతుకులాటంతా వీడియోలో పడుతుంది. ఈ పెట్టెలో అలా కాదు. గణపతి పూజకి ఒక సంచి, గౌరీపూజకి ఒకటి, స్నాతకానికి, ముహూర్తానికి, హోమానికి, నాగవల్లికి వేటికవి విడిగా కట్టి, పైన పెద్ద అక్షరాలతో రాసి, జరిగే వరసలోనే పేర్చారు. పై సంచి తీస్తే దాని కిందది తర్వాతి తంతుది. మా పంతులుగారు కూడా మెచ్చుకున్నారు, ఆయన మెచ్చుకోవడం చిన్న విషయం కాదు.

కాశీయాత్ర సామాను కూడా బాగుంది. గొడుగు బొమ్మ గొడుగేమో అనుకున్నాం, నిజం గొడుగే. పెళ్లికొడుకు పాంకోళ్లు వేసుకుని, గొడుగూ కర్రా పట్టుకుని కాశీకి పోతానంటే, మా అక్క కొడుకు ఎదురెళ్లి బతిమాలి, బట్టలు పెట్టి వెనక్కి తెచ్చాడు. ఆ గొడుగు ఇప్పుడు మా బావగారు వాడుతున్నారు.

అన్నిటికంటే బాగున్నది కాడి. చాలా పెట్టెల్లో కాడంటే జరీ చుట్టిన కర్రముక్కే, రంధ్రం ఉండదు. రంధ్రం లేకపోతే ఆ తంతే లేదు. పెళ్లికూతురి తల మీద దర్భలతో చుట్టిన చుట్ట పెట్టి, దాని మీద కాడి ఆనించి, రంధ్రంలో బంగారం ఉంచి, అందులోంచి నీళ్లు పోస్తారు. ఋగ్వేదంలో అపాల కథ ఉంది కదా, చర్మవ్యాధితో బాధపడుతున్న ఆమెని రథం కంతలోంచి, బండి కంతలోంచి, కాడి కంతలోంచి దాటించి ఇంద్రుడు మేలిమి ఒళ్లు ఇచ్చాడని. పంతులుగారు చదివే మంత్రం అదే. ఈ కాడికి రంధ్రం సరిగ్గా తొలిచారు, మంగళసూత్రాల బిళ్ల అందులో ఆగింది, నీళ్లు ధారగా దిగాయి. ఇది చేసిన వడ్రంగికి తంతు తెలుసు.

ఇక మిగతావి.

అడ్డుతెర నెట్ గుడ్డ. అంచులకి పూసలు, మధ్యలో పెళ్లికొడుకు పేరు, పెళ్లికూతురి పేరు, రెండు హంసలు, అంతా బాగానే ఉంది గానీ అటువాళ్లు ఇటువాళ్లకి నిక్షేపంగా కనబడుతున్నారు. జీలకర్ర బెల్లం తల మీద పెట్టేదాకా ఒకరినొకరు చూసుకోకూడదనే కదా తెర! మన పెళ్లిళ్లలో అసలు ముహూర్తం ఆ క్షణమే, తాళి ఆ తర్వాత. మా అక్క తన భుజం మీదున్న పట్టు కండువా తీసి ఆ నెట్ మీద కప్పింది. హంసలు మాయమైపోయాయి.

మధుపర్కాలు పాలిస్టర్. తెల్ల పంచె, తెల్ల చీర, ఎర్రంచు, ఫొటోకి లోటు లేదు. కానీ ఆ బట్టలతో హోమగుండం పక్కన కూర్చోవాలి. నిప్పురవ్వ పడితే నూలు గుడ్డకి చిల్లి పడుతుంది, పాలిస్టర్ అయితే కరిగి ఒంటికి అతుక్కుంటుంది. మా ఇంట్లో ఆప్కోలో కొన్న నూలువి ఉన్నాయి కాబట్టి సరిపోయింది. ఈ పెట్టె కొనేవాళ్లు మధుపర్కాలు మాత్రం వేరే కొనుక్కోండి. ఇందులో బేరం లేదు.

తాళికట్టే దారం నైలాన్. ముడి వేస్తే జారుతోంది. పసుపు రాస్తే పట్టడం లేదు, పైగా దానికి ముందే పసుపు రంగు వేసి పెట్టారు. నూలుదారం పేని పసుపు రాయడం పది నిమిషాల పని, మా పెద్దమ్మ గొణుగుతూనే చేసింది.

తలంబ్రాల పళ్లెంలో బియ్యం గుప్పెడే. మిగతాదంతా రంగురంగుల థర్మాకోల్ గుండ్లు. ఫ్యాన్ గాలికి అవి ఎగిరి కొన్ని పంతులుగారి జుట్టులో, కొన్ని నేతిగిన్నెలో పడ్డాయి. హోమంలో పడినవి కాలి కంపు కొట్టాయి. భద్రాచలంలో రాములవారి తలంబ్రాలకి కూడా ముత్యాలు కలుపుతారు, గులాల్ కలుపుతారు. కానీ కలిపేది బియ్యంలో! అక్కడికి మా గోదావరి జిల్లా నుంచి భక్తులు వడ్లు గోటితో ఒలిచి మరీ పట్టుకెళ్తారు. ‘ప్రజా మే కామస్సమృద్ధ్యతామ్’ అని సంతానం, సంపద కోరుకుంటూ పోసేవి ఇవి. థర్మాకోల్‌తో ఏం కోరుకోవాలి?

సన్నికల్లు చూసి మాత్రం నాకు నవ్వాగలేదు. అరచేతిలో పట్టే పాలరాతి బిళ్ల, దాని మీద ముగ్గు స్టిక్కరు. రాయిలా స్థిరంగా ఉండమని మంత్రం చెప్తూ, పెళ్లికూతురి పాదం ఎత్తి సన్నికల్లు మీద పెట్టించి, పెళ్లికొడుకు మెట్టెలు తొడుగుతాడు. దీని మీద బొటనవేలు పెడితే మడమ కింద ఉంది, కాలు మోపగానే రాయే పక్కకి జారింది. మండపం వంటింట్లోకి పరిగెత్తితే అన్నీ గ్రైండర్లే. చివరికి వాచ్‌మన్ భార్య తన గదిలోంచి పచ్చడి నూరుకునే రాయి తెచ్చిచ్చింది. ఎన్నిసార్లు కడిగినా వెల్లుల్లి వాసన పోలేదు. పంతులుగారు ఏమీ అనలేదు. మెట్టెలు తొడగడం అయిపోయింది.

పేలాల దగ్గర నాకు కోపం వచ్చింది. లాజహోమానికి పేలాలు కావాలి, అంటే వడ్లు వేడి ఇసుకలో వేయిస్తే విచ్చుకున్నవి, అక్కడక్కడా ఊక అంటుకుని ఉంటుంది. సంచి మీద ‘లాజలు’ అని చక్కగా రాసి లోపల మరమరాలు పోశారు. పిల్ల తమ్ముడు దోసిట్లో పోయబోతుంటే పంతులుగారు చెయ్యి అడ్డంపెట్టి, ‘మేనమామగారూ, ఇవి సాయంత్రం టీతో తినేవండీ’ అన్నారు. అందరూ నవ్వారు. నాకు మాత్రం ఒళ్లు మండింది. ఇంకో పెళ్లి చేయించి వచ్చిన ఆయన శిష్యుడి సంచిలో అదృష్టం కొద్దీ పేలాలు మిగిలి ఉన్నాయి.

ఉంగరాల బిందె ప్లాస్టిక్‌ది. దాని గురించి ఇక చెప్పను.

డాలస్‌లో ఉన్న మా పిన్నికొడుకు వాళ్ల అమ్మాయికి ఇదే పెట్టె పంపమంటున్నాడు. అలా పంపాలనుకునేవాళ్లకి ఒక మాట. పెట్టె పెట్టెగా సూట్‌కేసులో పెట్టకండి. అమెరికా కస్టమ్స్ వాళ్లు మన దేశం నుంచి బియ్యం సామాన్లలో తేనివ్వరు, పిడకలు అసలే తేనివ్వరు. విత్తనాల్లాంటివి ఏమున్నా ఆపుతారు. నాగవల్లి సంచి, హోమం సంచి విప్పి, నవధాన్యాలు, బియ్యం, వడ్లు, పిడకలు తీసేయండి. బియ్యం అక్కడ ఇండియన్ స్టోర్లలో దొరుకుతుంది. కాడి, బాసికాలు, పాంకోళ్లు పంపితే చాలు, చెక్క సామాను ఉందని ఫారంలో రాయించండి.

పెళ్లయ్యాక షాపులో దారం, మధుపర్కాలు వెనక్కిచ్చి డబ్బడిగాను. కౌంటర్లో కుర్రాడు, ‘పెళ్లయిపోయింది కదండీ, ఇంకెందుకండీ’ అన్నాడు. సగం డబ్బుకి బదులు కర్పూరం డబ్బాలిచ్చాడు. మళ్లీ కొంటానా అంటే, మా రెండో మేనకోడలికి సంబంధాలు చూస్తున్నారు. సంచులూ కాడీ గొడుగూ విడిగా అమ్ముతారేమో అడిగాను. ఓనరుని కనుక్కుని చెప్తానన్నాడు, ఇంకా ఫోన్ రాలేదు.