వైట్ నాయిస్ చదివా: పుస్తకానికి 4 స్టార్లు, పంపినోడికి ఒకటి

ఆన్‌లైన్లో సెకండ్ హ్యాండ్ కాపీ 240 రూపాయలకి తెప్పించుకున్నా, గుడ్ కండిషన్ అని పెట్టినాడు గానీ పార్సిల్ కవర్ చించగానే ఇరవై పేజీలు చేతికొచ్చినాయి, రిటర్న్ అంటే టైమైపోయింది అన్నారు, పోనీలే అని నేనే ఫెవికాల్ పూసి పైన సన్నికల్లు పెట్టి రాత్రంతా వదిలేసినా.

సరే, పుస్తకం సంగతి. అమెరికా రచయిత డాన్ డెలిల్లో రాసిన నవల, 1985ది, అక్కడి నేషనల్ బుక్ అవార్డు కూడా వచ్చింది. హిట్లర్ మీద డిపార్ట్‌మెంటే పెట్టిన ఒక ప్రొఫెసరు, పెళ్ళాం, ఇద్దరి పాత పెళ్లిళ్ల పిల్లలు, ఇంట్లో వాగుతానే ఉండే టీవీ. అంతే కథ.

మొదట్లోనే ఒక సీను ఉండాది. అమెరికాలో జనం అన్నిటికన్నా ఎక్కువ ఫోటోలు తీసిన కొట్టం ఇదే అని దారి పొడుగునా బోర్డులు, జనం కార్లేసుకోని వచ్చి కెమెరాలు పట్టుకోని నిలబడుంటారు, పక్కన ఒకడు పోస్టుకార్డులు అమ్ముకుంటుంటాడు. ప్రొఫెసరు ఫ్రెండు అంటాడూ, ఆ కొట్టాన్ని ఎవరూ చూడట్లేదు, బోర్డు చూసినాక ఇంక కొట్టం కనపడదు అని. నాకు మా మరదలు గుర్తొచ్చింది. నెల్లూరు రొట్టెల పండగలో స్వర్ణాల చెరువులో దిగి, ఉద్యోగం రావాలని పట్టుకునే ఉద్యోగం రొట్టె పట్టుకుంది, వీడియో సరిగా రాలేదని ఇచ్చినామె చేత మళ్లీ మళ్లీ మూడుసార్లు ఇప్పించుకుంది. మూడిట్లో ఏ రొట్టె పనిచేస్తాదో మరి!

నన్ను పట్టేసింది మాత్రం రెండో భాగం. రైలు ట్యాంకరు పగిలి విషపు మబ్బు లేస్తాది, ఊరు ఊరంతా క్యాంపుకి పోతారు, ఆణ్ణించి ఇంకో ఊరికి పోతారు, ఆడ ఒకడు చిన్న టీవీ చేత్తో ఎత్తుకోని తిరుగుతా, ఇంత జరిగినా మన గురించి చూపించరేంది అని గొడవ పెట్టుకుంటాడు. 2021 నవంబరులో పెన్నా పొంగినప్పుడు మా మిద్దెక్కితే నీళ్లు కనపడతానే ఉన్నాయి, మా నాయన మాత్రం టీవీ ముందు నించి లేవలా, పడుగుపాడు దగ్గర రైలు పట్టాల కింద కట్ట కొట్టుకుపోయింది చూపించినాకే "నిజంగానే వచ్చిందిరా అబ్బయ్యా" అన్నాడు. ఆ టీవీ ఎత్తుకున్నోడి పేజీ నేను రెండుసార్లు చదివినా.

మైనస్ ఏందంటే పిల్లోళ్ల కాడి నించి పెద్దోళ్ల దాకా అందరూ ఒకే మాదిరి మాట్లాడతారు, ఇంట్లో ఎవురన్నా అట్టా మాట్లాడతారా. చివర్లో చావు భయం పోగొట్టే మాత్రల గోల సాగదీసినాడు. 2022లో నెట్‌ఫ్లిక్స్‌లో సినిమా కూడా వచ్చింది, పుస్తకం ముందు చదవండి.

ఊడిన ఇరవై పేజీలు ఆ మాత్రల భాగంలోవే. ఇంకా సరిగ్గా అంటుకోలా, నేనూ మళ్లీ గమ్ పూయలా.