టెర్రాఫామ్‌తో ఆరేళ్లు: ప్లాన్ నిలబెట్టిన రోజు

విజయనగరంలో ఇంటి నుంచే పనిచేస్తూ, పలాస జీడిపప్పు వ్యాపారులు బిల్లులు వేసుకునే అప్లికేషన్‌కు సర్వర్లు చూసుకుంటున్నాను. అమెజాన్ క్లౌడ్‌లో ఉన్న ఆ సర్వర్లన్నిటినీ ఆరేళ్లుగా టెర్రాఫామ్‌తోనే నిలబెడుతున్నాను; ఏమేం కావాలో కోడ్‌గా రాసిస్తే వాటిని సృష్టించి పెట్టే సాధనమది. ఏది కొత్తగా వస్తుందో, ఏది మారుతుందో, ఏది పోతుందో ముందే చూపించే ప్లాన్ ఆదేశం, ఒంటరిగా పనిచేసే నాకు పక్కన కూర్చున్న రెండో మనిషితో సమానం.

2022 వానాకాలంలో కరెంటు హెచ్చుతగ్గులకు నా ల్యాప్‌టాప్ డిస్కు పాడైంది. కోడ్ ప్రతులను దాచే గిట్‌లో కోడ్ భద్రంగానే ఉంది గానీ, తాను ఏమేం సృష్టించిందో టెర్రాఫామ్ రాసుకునే స్టేట్ ఫైల్‌ను నేను ఆ డిస్కులోనే ఉంచుకున్నాను. కొత్త ల్యాప్‌టాప్‌లో ప్లాన్ నడిపితే ‘31 టు యాడ్, 0 టు చేంజ్, 0 టు డెస్ట్రాయ్’ అని వచ్చింది. అక్కడ సర్వర్లు నడుస్తూనే ఉన్నాయి, పలాసలో బిల్లులు పడుతూనే ఉన్నాయి; టెర్రాఫామ్‌కు మాత్రం అవేవీ గుర్తు లేవు. ఆ వరుస చూడకుండా, ప్లాన్‌ను అమలుచేసే అప్లై ఆదేశం నొక్కి ఉంటే ఉన్న సర్వర్ల పక్కనే మరో జత లేచేది. ఉన్నవాటిని కోడ్‌లోనే రాసి స్టేట్‌లోకి ఎక్కించే ఇంపోర్ట్ బ్లాకులు 2023లో గానీ రాలేదు కనుక, అమెజాన్ కన్సోల్ పేజీలో ఒక్కొక్క ఐడీ వెతికి, ఒక్కొక్క ఆదేశంగా రెండు రాత్రులు స్టేట్‌లోకి ఎక్కించాను. డేటాబేస్‌ను ఎక్కించాక పాస్‌వర్డ్ మారబోతోందని ప్లాన్ చూపినప్పుడు చెయ్యి ఆగిపోయింది. అమెజాన్ ఆ పాస్‌వర్డ్‌ను తిరిగి చెప్పదు కాబట్టే అలా కనిపిస్తుందని, కోడ్‌లో ఉన్నది అసలుదే అయితే భయం లేదని నిర్ధారించుకున్న తరువాతే ముందుకు వెళ్లాను. తెల్లవారుజామున ‘నో చేంజెస్’ అన్న మాట చూసి కలిగిన నెమ్మది ఇప్పటికీ గుర్తుంది.

అయితే ఆ రెండో మనిషి జ్ఞాపకమంతా ఒకే ఫైల్‌లో ఉంటుంది, అందులో పాస్‌వర్డులు కూడా మామూలు అక్షరాల్లోనే ఉంటాయి. అందుకే ఇప్పుడు స్టేట్‌ను, పాత ప్రతులనూ దాచే వెర్షనింగ్ ఉన్న ఎస్3 బకెట్‌లో, అంటే అమెజాన్ ఫైళ్ల నిల్వలో ఉంచుతున్నాను. కొత్త పనులను, టెర్రాఫామ్ నుంచి చీలి వచ్చిన ఓపెన్‌టోఫులో మొదలుపెడుతున్నాను; దాని 1.7 వెర్షన్ నుంచి స్టేట్‌ను ఎన్‌క్రిప్ట్ చేసే, అంటే ఇతరులు చదవలేని రూపంలోకి మార్చే వీలుంది.

సాఫ్ట్‌వేర్ ఎక్కించి సర్దడం లాంటి సర్వర్ లోపలి పనికి నాకు ఆన్సిబుల్ అనే మరో సాధనం చాలు. దానికి స్టేట్ ఫైల్ బెడద లేదు. కాకపోతే దాని పనుల జాబితా అయిన ప్లేబుక్‌లోంచి ఒక పని తీసేసినంత మాత్రాన సర్వర్‌లో ఉన్నది పోదు. అన్నీ అమెజాన్‌లోనే ఉన్నవారికి, ఆ స్టేట్ లెక్క తనే దాచుకునే అమెజాన్ సొంత సాధనం క్లౌడ్‌ఫార్మేషన్ నిశ్చింతగా ఉంటుందేమో. నా డొమైన్ రికార్డులు క్లౌడ్‌ఫ్లేర్ అనే వేరే సంస్థలో ఉన్నాయి, అమెజాన్‌లోని సర్వర్లనూ ఈ రికార్డులనూ ఒకే ప్లాన్‌లో చూసుకోవడం నాకు అవసరం; అందుకే నేను మారలేదు.