అన్నంతో వేసుకునే మాత్ర: కాల్షియం అసిటేటా, సెవెలమరా?

కిడ్నీలు దెబ్బతిన్నాక రక్తంలో ఫాస్ఫరస్ పేరుకుంటుంది. దాంతో మెడలోని చిన్న గ్రంథుల నుంచి వచ్చే పారాథైరాయిడ్ హార్మోన్ పెరిగి, ఎముకల్లోని కాల్షియాన్ని లాగేస్తుంది. అందుకే చాలామంది డయాలసిస్ పేషెంట్ల చీటీలో, తిండిలోని ఫాస్ఫరస్‌ను పేగుల్లోనే పట్టేసే మాత్ర ఒకటి ఉంటుంది.

కాల్షియం అసిటేట్ చవక. నెలనెలా మందుల బిల్లు కట్టే ఇంటికి ఇది చిన్న విషయం కాదు. రక్తంలో కాల్షియం తక్కువున్నవాళ్లకు ఇందులోని కాల్షియమూ కలిసొస్తుంది. చిక్కేమిటంటే, మింగిన కాల్షియంలో కొంత ఒంట్లో చేరి రక్తనాళాల గోడల్లో గట్టిపడొచ్చు. ఎముకలకని వేసుకున్నది గుండెకు చేటు కావడం విడ్డూరమే! కిడ్నీ జబ్బుల చికిత్సపై సూచనలిచ్చే అంతర్జాతీయ సంస్థ కేడిగో 2017 మార్గదర్శకాలు ఈ రకం మాత్రల మోతాదుకు కళ్లెం వేయమన్నది అందుకే.

సెవెలమర్‌లో కాల్షియం లేదు, రక్తంలోకి చేరదు, చెడు కొలెస్ట్రాల్‌నూ కాస్త తగ్గిస్తుంది. కానీ ఖరీదు ఎక్కువ, మలబద్ధకం మామూలే. మాత్రను నమలకుండా మింగాలి.

కాల్షియం ఇప్పటికే ఎక్కువున్నా, ఎక్స్‌రేలో రక్తనాళాలు కాల్షియం పేరుకుని తెల్లగా కనిపించినా నా ఓటు సెవెలమర్‌కే. లేదంటే తక్కువ మోతాదులో చవకదీ పనికొస్తుంది, డాక్టరు రిపోర్టులు చూస్తూ ఉంటే. ఏదైనా సరే, ఖాళీ కడుపున వేసుకుంటే దండగ.